బంజరుకు రంగేస్తే

రాయ్‌పూర్‌లో ఎడారి ఎక్కడుందని అడగొచ్చు. ఏటా 1,200 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ప్రాంతం. 'ధాన్ కా కటోరా'గా పేరుపడ్డ ఛత్తీస్‌గఢ్‌కు 2000 నుంచి రాజధాని. కానీ మే నెలలో నగరానికి ఆగ్నేయంగా లేచిన నవా రాయ్‌పూర్ దారి పట్టి, భాటా నేల మీద నిలబడి చూడండి. ఎర్రటి గరుకు నేల, అక్కడక్కడా ఓ ఇప్పచెట్టు, అంతే.

ఇక్కడి రైతు నేలను ప్రధానంగా నాలుగు పేర్లతో పిలుస్తాడు: కన్హార్, డోర్సా, మటాసీ, భాటా. పల్లంలోని నల్లనేల కన్హార్ తేమను పట్టి ఉంచుతుంది. మిట్టనున్న భాటాలో చుక్క నిలవదు.

ఉదయం ఆరింటికే ఈజిల్ నిలబెట్టాను. తొమ్మిదయ్యేసరికి నీడలు కుంచించుకుపోయి, ఆకాశం సున్నం కొట్టినట్లయింది. గీయదలచిన దృశ్యమే మాయమైంది! పైగా ఆయిల్ రంగు నీటిరంగులా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ రోజుల తరబడి గట్టిపడుతుంది. ఆలోగా వడగాలి తన పని తాను చేస్తుంది. పచ్చి రంగు మీద పడ్డ ఇసుక రేణువులను మొదట్లో కత్తి మొనతో ఏరాను. తర్వాత మానేశాను. బర్న్‌ట్ సియెన్నాకు, ఎల్లో ఓకర్‌కు రంగునిచ్చేది ఇనుప ఆక్సైడే. భాటా ఎరుపూ అదే. ట్యూబులోది, గాలి తెచ్చినది దగ్గరి చుట్టాలే అయినప్పుడు ఏరడం దేనికి?

రంగును కలిపే అవిసె నూనె కూడా ఇక్కడికి పరాయిది కాదు. వరి కోతకు ముందే, నిలబడి ఉన్న పైరులో ఛత్తీస్‌గఢ్ రైతులు అవిసె గింజలు చల్లుతారు. ఆ పద్ధతి పేరు ఉతేరా. నేలలో మిగిలిన తేమతోనే పంట చేతికొస్తుంది.

మేకలు తోలుకొచ్చిన ఓ పెద్దాయన కాన్వాస్‌ను కాసేపు పరీక్షగా చూశాడు. 'ఇందులో నా మేకలు ఏం తింటాయి?' అన్నాడు. రాజనీతి శాస్త్రం చదివినవాణ్ని కనుక 'బంజరు' అనే మాట వెనకున్న పన్నుల లెక్కలు నాకు తెలుసు. పన్ను రాని నేలకు ప్రభుత్వాలు పెట్టుకున్న పేరది. ఆ మాటనే నేను రంగుల్లో పెట్టానని మాత్రం ఆయన అడిగేదాకా తట్టలేదు.

ఆగస్టులో మళ్లీ అదే చోటికి వెళ్లాను. గడ్డి మోకాలెత్తున ఉంది. కాస్త అవతల ఆరికలు వేశారు. ఈసారి పచ్చరంగు ట్యూబే ముందుగా అయిపోయింది. మేలో ఖాళీగా గీసిన ఎడమ పక్క సిమెంటు ఇటుకల ప్రహరీ మొదలైంది. దాన్నీ గీశాను, బూడిదరంగులో.