ఉప్పురాశి చుట్టూ ఊరు

అడవి అంచున వెలసిన ఊరికి తొలి కొట్టు ఏదంటే, నాకు చింతచెట్టు కింద గోనెపట్టా మీది ఉప్పురాశే కళ్లముందు మెదులుతుంది. కోయ ఆడవాళ్లు ఇప్పపువ్వు, చింతపండు, కరక్కాయల గంపలు దించి, ఉప్పు, ఎండుచేపలు, కిరసనాయిలు పట్టుకెళ్లేవాళ్లు. తక్కెడ మాత్రం షావుకారు చేతిలోనే. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ డిపోలు ఇటూ వచ్చి, అటవీ ఫలసాయం కొని సరుకులు అమ్మసాగాయి. ఆ డిపో కాటా, నా దృష్టిలో, బడి అంత గొప్పది.

1965లో భద్రాచలం దగ్గర గోదావరికి వంతెన పడింది. అంతకుముందు ఏరు దాటాలంటే పడవే. బస్సుల వెనకే టీకొట్టు, పంక్చర్ల బడ్డీ, కుట్టుమిషను వచ్చాయి. ఎండాకాలం, యాభై ఆకుల చొప్పున తునికాకు కట్టలు లెక్కతేలి డబ్బు చేతికందిన వారం, సంతలో గాజులమ్మే ఆమెకు తల ఎత్తే తీరిక ఉండదు.