ముక్కు ఆపే దుమ్ము, ముక్కు ఆపలేని పొగ

ఊపిరితో లోపలికి పోయే కణాలన్నీ ఒకటి కావు. పది మైక్రాన్ల దుమ్ము చాలామటుకు ముక్కులో, గొంతులో, పెద్ద శ్వాసనాళాల్లో చిక్కుకుని చీమిడితోనో కళ్లెతోనో బయటపడుతుంది. రెండున్నర మైక్రాన్ల లోపు కణం నేరుగా వాయుగోణుల దాకా వెళ్తుంది; అందులో మరీ సన్నవి నెత్తురులోనూ కలుస్తాయి. పెద్ద దుమ్ము ఎక్కువగా రోడ్ల మీంచి, కట్టడాల నుంచి లేస్తుంది. సన్నకణం ఎక్కువగా మంట నుంచి పుడుతుంది: డీజిల్, బొగ్గు, కట్టెలు, చెత్తకుప్పలు. హైదరాబాద్‌లోని సైదాబాద్‌లో ఛాతీ వైద్యుని దగ్గరికి వచ్చే రోగుల కథకూ, గాలి ప్రమాణాల మీద పార్లమెంటులో నడిచే వాదానికీ మూలం ఈ తేడాలోనే ఉంది.

చాదర్‌ఘాట్ నుంచి మలక్‌పేట మీదుగా సైదాబాద్, ఐఎస్ సదన్ దాకా సాగే దారి ఎప్పుడూ బండ్లతో కిక్కిరిసి ఉంటుంది. నల్లగొండ చౌరస్తా నుంచి ఒవైసీ కూడలి వరకు పైవంతెన పనులు ఏళ్ల తరబడి సాగడంతో ఆ దుమ్మూ తోడైంది. ఈ దారి పక్క ఇళ్ల నుంచి ఒక తరహా రోగి పదేపదే వస్తుంటుంది. యాభై దాటిన గృహిణి, బీడీ వాసన కూడా పడని మనిషి. "నాలుగు మెట్లెక్కితే దమ్మొస్తోంది సార్" అంటుంది. గొట్టంలోకి ఊదించి చూస్తే, మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో వచ్చింది 70 శాతానికి తక్కువ. మందు పీల్చాక కూడా అంతే. అది సీఓపీడీ, పొగతాగేవాళ్ల జబ్బుగా పేరుపడింది. ఆరా తీస్తే, పుట్టింట్లో కట్టెల పొయ్యి, మెట్టినింట్లో రోడ్డు మీదికి తెరుచుకునే కిటికీ.

రెండో తరహా ఆటో డ్రైవరు. అతను దగ్గుతో రాడు, గుండెనొప్పితో వస్తాడు. సన్నకణాలు రక్తనాళాల లోపొరను వాచేలా చేస్తాయి, నెత్తురు గడ్డకట్టే గుణాన్ని పెంచుతాయి. మూడో తరహా బడిపిల్లలు. చలికాలంలో నేల దగ్గరి చల్లగాలి పైకి లేవక పొగ కిందనే పేరుకుంటుంది, పిల్లికూతలు మొదలవుతాయి. మందు పీల్చే పంపు అలవాటైపోతుందని భయపడి తల్లిదండ్రులు మందు మానిపిస్తారు. ఆ భయం నిరాధారమని ప్రతి చలికాలం మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వస్తుంది.

వీళ్లలో ఎవరు పోయినా మరణ ధ్రువపత్రంలో గుండెపోటనో న్యుమోనియా అనో రాస్తారు. గాలి అని ఎవరూ రాయరు. కానీ లండన్‌లో రద్దీ రోడ్డు పక్కన పెరిగి 2013లో ఆస్తమాతో చనిపోయిన తొమ్మిదేళ్ల ఎల్లా కిస్సీ-డెబ్రా విషయంలో, 2020లో విచారణాధికారి గాలి కాలుష్యాన్ని కూడా మరణ కారణంగా నమోదు చేశారు. అందుకు తల్లి ఏళ్ల తరబడి పోరాడింది.

రాజకీయ వాదం ఈ ఖాళీ గడిలోంచే పుడుతుంది. కాలుష్యానికీ ఆయుష్షు తగ్గడానికీ సంబంధం ఉందని భారతీయ అధ్యయనమేదీ చూపలేదని 2019 డిసెంబరులో అప్పటి పర్యావరణ మంత్రి ప్రకాశ్ జావడేకర్ లోక్‌సభలో అన్నారు. అంతకు ఏడాది ముందే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) భాగస్వామిగా వెలువడిన అధ్యయనం, 2017లో దేశంలో 12.4 లక్షల మరణాలకు గాలి కాలుష్యం కారణమని లెక్కగట్టింది. మంత్రి మాట నిలబడదు.

ప్రమాణాల అంకెలదీ ఇదే తీరు. 2009 నవంబరులో నోటిఫై చేసిన జాతీయ ప్రమాణం ప్రకారం సన్నకణాల వార్షిక సగటు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాముల దాకా ఉండవచ్చు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు 5. రోజు సగటు 60 ఉన్నా మన గాలి నాణ్యతా సూచీ "సంతృప్తికరం" అంటుంది. ఆ సంస్థ రోజుకు చెప్పింది 15. అది సలహాయే తప్ప చట్టం కాదనీ, పొడినేలల దేశంలో సహజంగా లేచే దుమ్ము వేరనీ ప్రభుత్వం చెప్పేదాంట్లో కొంత నిజముంది. కానీ ఆ దుమ్ము వాదన ఎక్కువగా పెద్ద దుమ్ముకే వర్తిస్తుంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం హైదరాబాద్‌తో సహా నగరాల ప్రగతిని కొలిచేది కూడా ఆ దుమ్ముతోనే. సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్ఈ) 2024లో పరిశీలించగా, ఖర్చయిన నిధుల్లో 64 శాతం రోడ్డు దుమ్ము పనులకే పోయింది. రోడ్డు తడపడం మంచిదే. ఆటో డ్రైవరు గుండెను అది కాపాడదు.

రుజువు ఎవరు చూపాలన్న ప్రశ్నకు ఈ నగరం నుంచే జవాబు వెళ్లింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ దగ్గర తలపెట్టిన ఒక పరిశ్రమపై కాలుష్య నియంత్రణ మండలి, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు వ్యాజ్యంలో 1999లో సుప్రీంకోర్టు, హాని లేదని చూపే భారం పరిశ్రమదేనంది. తీర్పు రాసింది జస్టిస్ ఎం. జగన్నాథరావు. అది నీటి కేసు. గాలికి వర్తించదనడానికి కారణమేమీ లేదు. రుజువు కూడగట్టడంలో వైద్యుడికీ పాత్ర ఉంది. పటాన్‌చెరులో డాక్టర్ అల్లాని కిషన్‌రావు దశాబ్దాల పాటు పరిశ్రమల కాలుష్యంపై పోరాడారు. వైద్యుడు రోగి చీటీలో ఇల్లు ఏ రోడ్డు మీదుందో, పొయ్యి ఏదో కూడా రాసుకుంటే ఆ కాగితం రేపు సాక్ష్యంగా నిలుస్తుంది.

ప్రమాణం బిగిస్తే ఫలితం ఉంటుందా అన్న సందేహం తీరిపోయింది. దక్షిణ కాలిఫోర్నియాలో గాలి బాగుపడిన కొద్దీ 11 నుంచి 15 ఏళ్ల పిల్లల ఊపిరితిత్తులు మెరుగ్గా ఎదిగాయని 2015లో తేలింది. ఆ ఎదుగుదల ఆడపిల్లల్లో పద్దెనిమిదేళ్ల ప్రాంతంలో, మగపిల్లల్లో ఇరవై దాటాక ఆగిపోతుంది. మన ప్రమాణాలు వచ్చిన 2009లో సైదాబాద్‌లో పుట్టిన పిల్లలు ఆ వయసుకు చేరువవుతున్నారు.