ఆటను నడిపేవాళ్ళు

పిల్లలూ! సాయంకాలం బడి వదలగానే మీరంతా మైదానంలో చేరతారు. ఆటకు ముందు జట్లు పంచుకోవాలి గదా! మా చిన్నతనంలో అయితే ఇద్దరు నాయకులు ఒకచోట నిలబడేవారు. మిగిలినవాళ్ళు ఉద్దులుగా విడిపోయి, భుజాల మీద చేతులు వేసుకుని వచ్చి, ‘‘కాయ కావాలా, పండు కావాలా?’’ అని అడిగేవారు. ఇప్పుడు చాలాచోట్ల నాయకులే పేరు పెట్టి ఒక్కొక్కరిని కోరుకుంటున్నారు. అలా కోరుకునేటప్పుడు మొదట ఎవరి పేరు వస్తుంది? బాగా పరుగెత్తేవాడి పేరు. ఆ తరవాత బంతిని గట్టిగా కొట్టేవాడి పేరు. కడపట మిగిలేది ఎవరు? బక్కగా ఉండి, నోరు మెదపకుండా ఒక పక్కన నిలబడే పిల్లో, పిల్లవాడో. ‘‘సరే, నువ్వు కూడా రా!’’ అని వాళ్ళను చేర్చుకుంటారు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి, ప్రధానోపాధ్యాయుడిగా ఉద్యోగం విరమించినవాణ్ణి. ఎన్నో జట్లు తయారు కావడం చూశాను. ఆ కడపట మిగిలినవాళ్ళలోనే ఒక్కొక్కసారి జట్టుకు అసలు కావలసిన మనిషి దాగి ఉంటాడు. ఎందుకంటే ఆటను ఆడేవాళ్ళు వేరు, ఆటను నడిపేవాళ్ళు వేరు. ఆడేవాళ్ళను కళ్ళున్న ప్రతివాడూ గుర్తుపడతాడు. నడిపేవాళ్ళను గుర్తుపట్టడానికి కొంచెం ఓపిక కావాలి.

మాది నెల్లూరు జిల్లాలోని సంగం. బీరాపేరు వచ్చి పెన్నలో కలిసేది ఇక్కడే. అందుకే ఊరికి ఆ పేరు. ఇక్కడ పెన్న మీద 19వ శతాబ్దిలో ఒక ఆనకట్ట కట్టారు. 2022లో కొత్త బ్యారేజీ ప్రారంభమయింది. ఇక్కడ నిలిచిన నీరు కాలువ వెంట కనిగిరి జలాశయానికి పోతుంది. అక్కడినుంచి పొలాలకు పారుతుంది. ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. ఆనకట్ట మీద ఎన్ని వరికంకులు పండుతాయి? ఒక్కటి కూడా పండదు! అలాగని ‘‘ఈ రాతికట్ట మనకెందుకు?’’ అని ఏ రైతయినా అంటాడా? నీటిని నిలిపి, ఏ వేళకు ఏ కాలువకు ఎంత వదలాలో అంత వదలడమే దాని పని. ఆటను నడిపేవాడి పని కూడా సరిగ్గా అదే. బంతి అతని దగ్గరకు వస్తుంది. అతను దాన్ని తన దగ్గర ఉంచుకోడు. ఎవరికి ఇస్తే పంట పండుతుందో వాళ్ళకు ఇస్తాడు.

ఈ సంగతి బాగా తెలియాలంటే ఒకే సంవత్సరంలో పుట్టిన రెండు ఆటలను చూడండి. 1895లో అమెరికాలో విలియం మోర్గాన్ అనే వ్యాయామ శిక్షకుడు ఒక ఆటను కనిపెట్టాడు. అదే మీరు ఆడే వాలీబాల్. అదే సంవత్సరం ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్ పట్టణంలో కొన్ని క్లబ్బులు పాత రగ్బీ సంఘం నుంచి విడిపోయి వేరు కుంపటి పెట్టుకున్నాయి. అలా పుట్టినది రగ్బీ లీగ్. ఆస్ట్రేలియాలోనూ, పాపువా న్యూగినీలోనూ ఈ ఆటంటే జనం పడిచస్తారు.

రగ్బీ లీగ్‌లో జట్టుకు 13 మంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత పట్టుకుని పరుగెత్తి, ఎదుటివారి గీత దాటి నేలకు ఆనించాలి. ఎదుటివారు మన చెడుగుడులోలాగా మీదపడి పట్టుకుంటారు. ఇందులో రెండు చిక్కులున్నాయి. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకు గాని, వెనక్కు గాని మాత్రమే అందించాలి. పైగా 6 సార్లు పట్టుబడేలోగా పని కాకపోతే బంతిని ఎదుటి జట్టుకు అప్పగించాలి. ఊరికే బలం ఉపయోగించి దూసుకుపోతే 6 అవకాశాలూ చిటికెలో అయిపోతాయి. అందుకే ఆ జట్టులో ఆలోచించేవాళ్ళు కావాలి. ఆనవాయితీగా 6, 7 అంకెల చొక్కాలు తొడుక్కునే ఇద్దరు ఈ పని చేస్తారు. ఎప్పుడు అందించాలి, ఎప్పుడు కాలితో తన్నాలి, ఎవరు ఎటు పరుగెత్తాలి అనేవి చాలావరకు వాళ్ళే తేలుస్తారు.

ఆస్ట్రేలియాలో జొనాథన్ థర్‌స్టన్ అనే ఆటగాడు ఉండేవాడు. చిన్నప్పుడు బక్కపలచగా ఉన్నాడని ఎన్నో క్లబ్బులు అతన్ని పక్కన పెట్టాయి. తరవాత అతడే ఆ దేశపు పోటీలలో ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చే పతకాన్ని 4 సార్లు అందుకున్నాడు. 2015లో జరిగిన చివరి పోటీలో అతని జట్టు 12–16తో వెనకబడి ఉన్నది. గడియారం చివరి క్షణాలకు వచ్చింది. బంతి థర్‌స్టన్ చేతికి చిక్కింది. అతడు పట్టుకోవచ్చినవాళ్ళను తప్పించుకుని, బంతిని తోటివాడైన మోర్గాన్‌కు అందించాడు. మోర్గాన్ దాన్ని మూలన ఖాళీగా ఉన్న ఫెల్ట్‌కు అందించాడు. ఫెల్ట్ గీత దాటాడు, 4 పాయింట్లు వచ్చాయి. స్కోరు సమానమయింది. తరవాత అదనపు సమయంలో థర్‌స్టన్ తన్నిన బంతి స్తంభాల మధ్యగా పోయి, 17–16తో జట్టు గెలిచింది. ఆ చివరి తన్నును అందరూ చెప్పుకుంటారు. కాని అంతకుముందు బంతిని తనవద్ద ఉంచుకోకుండా అందించకపోతే, ఆ తన్నుకు అవకాశమే వచ్చేది కాదు గదా!

ఇదంతా పరదేశపు ముచ్చట అనుకోకండి. మన హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఆయన ఉండేవారు. ఆయన బడిపంతులే. ఆయన శిక్షణలో హైదరాబాదు పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టుకు కూడా ఆయనే గురువు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు సెమీఫైనల్ దాకా వెళ్ళింది. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి స్వర్ణపతకం తెచ్చింది. ఆ జట్టులో సికింద్రాబాదులో పెరిగిన తులసీదాస్ బలరాం ఉన్నాడు. గోలు చేయడమూ అతనికి తెలుసు, తోటివాడి చేత చేయించడమూ తెలుసు.

రహీంగారు పిల్లలకు పెట్టిన పోటీలు వింతగా ఉండేవి. బంతిని కాళ్ళ మధ్య ఆడించుకుంటూ ఒక్కడే ముందుకు పోవడం కొన్ని పోటీలలో నిషేధం. బంతి రాగానే మరొకరికి అందించి తీరాలి. దీనివల్ల ఏం జరుగుతుంది? బంతి వచ్చాక చూద్దాంలే అనుకునేవాడు ఆడలేడు. బంతి రాకముందే ఎవరు ఎక్కడున్నారో చూసి పెట్టుకున్నవాడే ఆడగలడు. చూశారా! నడిపేవాణ్ణి వెతికి పట్టుకునే ఉపాయం ఆ నియమంలోనే ఉన్నది.

ఈ కాలంలో శాస్త్రజ్ఞులు కూడా ఈ మాటే అంటున్నారు. నార్వే దేశానికి చెందిన గెయిర్ యోర్డెట్ అనే ఆచార్యుడు పెద్దపెద్ద ఫుట్‌బాల్ ఆటగాళ్ళను వీడియోలలో పరిశీలించాడు. బంతి తమ దగ్గరకు రాకముందు ఎవరు ఎక్కువసార్లు తల తిప్పి చుట్టూ చూస్తారో, వాళ్ళు అందించిన బంతులు ఎక్కువగా సరైన చోటికి చేరుతున్నట్టు తేలింది.

కనుక మీరు జట్టును ఎంచేటప్పుడు మూడు సంగతులు గమనించండి. మొదటిది, కళ్ళు. బంతి తన దగ్గర లేనప్పుడు ఎవరు తల తిప్పి చూస్తున్నారు? రెండవది, నాలుక. తోటివాడు పొరపాటు చేసినప్పుడు కసురుకునేవాడి మాట మరో గడియకు ఎవరూ వినరు. ‘‘పోనీలే, ఈసారి కొంచెం ఇటు నిలబడు’’ అని చెప్పేవాడి మాటే వింటారు. మూడవది, ఓడిపోయేటప్పటి నడవడి. అందరూ కంగారు పడుతున్నప్పుడు ఎవరికి బంతి ఇస్తే కుదుటపడుతుందని మిగిలినవాళ్ళు చూస్తారో, వాడే మీకు కావలసినవాడు. వీలయితే ఇటువంటివాళ్ళను ఇద్దరిని ఎంచండి. ఒకరు నిదానస్థులు, ఒకరు సాహసులు అయితే మరీ మంచిది. ఒకరిని కట్టిపడేస్తే రెండో వారు ఆట నడుపుతారు.

మా బడిలో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉండేది. వాళ్ళకు గొర్రెల మంద ఉండేది. మన నెల్లూరు జాతి గొర్రెలు పొడుగు కాళ్ళవి, క్షణంలో ఎక్కడెక్కడికో వెళ్ళిపోతాయి. సెలవు రోజుల్లో ఆ పిల్లే వాటిని తోలుకుపోయేది. వాలీబాల్‌కు జట్టును ఎంచేటప్పుడు మా డ్రిల్లు మాస్టారు, ‘‘ఈ పిల్ల ఎగరలేదు, కొట్టలేదు సార్!’’ అన్నారు. నేను మాత్రం వారం రోజులుగా ఆ పిల్ల కళ్ళను చూస్తున్నాను. అందరి తలలూ బంతితో పాటు తిరుగుతున్నాయి. ఈ పిల్ల తల మనుషుల వెంట తిరుగుతున్నది.

‘‘ఏమ్మా, బంతిని చూడకుండా వాళ్ళనెందుకు చూస్తావు?’’ అని అడిగాను.

‘‘మేసే గొర్రెను చూసేదేముంది సార్! పక్కకు పోయేదాన్ని గదా చూసుకోవాల!’’ అన్నది.

వాలీబాల్‌లో ఒక జట్టు మూడుసార్లకు మించి బంతిని తాకకూడదు. మామూలుగా మొదటివారు ఆపుతారు, రెండోవారు ఎత్తి ఇస్తారు, మూడోవారు కొడతారు. ఆ రెండో పని ఈ పిల్లకు అప్పగించాము. ఆ ఏడు ఆత్మకూరులో జరిగిన పోటీలో మూడో సెట్టు 13–13 దాకా వచ్చింది. ఎదుటివారు మా ఇద్దరు కొట్టుడుగత్తెల ఎదుట గోడలాగా నిలబడ్డారు. ఈ పిల్ల అటు చూసినట్టే చూసి, వెనకవైపు ఎవరూ కాపు కాయని పొట్టిపిల్లకు బంతిని ఎత్తింది. పాయింటు వచ్చింది. మరుసటి పాయింటుతో ఆట గెలిచాము.

మరునాడు పత్రికలో కొట్టినవాళ్ళ ఫోటో పడింది. ఎత్తి ఇచ్చిన పిల్ల పేరు లేదు. రెండు రోజుల తరవాత వాళ్ళమ్మ బడికి వచ్చింది. ‘‘మా పాప పేరు యాడా లేదే సార్! ఎండలో ఎగిరి ఏం లాభం? రేపట్నుంచి మంద దగ్గరికి పంపించుకుంటాను. మాకు మనుషులు చాలడం లేదు’’ అన్నది. ఆ మాటలో కోపం లేదు, లెక్క ఉన్నది. లెక్కకు లెక్కతోనే జవాబు చెప్పాలి.

అదృష్టవశాత్తు మా దగ్గర ఆ లెక్క సిద్ధంగా ఉన్నది. పోటీలకు వెళ్ళినప్పుడు ఒక విద్యార్థిని గీత పక్కన కూచోబెట్టి, కొట్టి గెలిచిన ప్రతి బంతినీ ఎవరు అందించారో రాయించడం మా అలవాటు. ఆ పుస్తకం తెప్పించి, నల్లబల్ల మీద రెండు గళ్ళు గీశాను. ‘కొట్టినవి’ అనే గడిలో ముగ్గురి పేర్లు, 14, 11, 3 అనే అంకెలు. మొత్తం 28. ‘అందించినవి’ అనే గడిలో ఈ పిల్ల పేరు, ఎదురుగా 22. ‘‘ఆ 28 పాయింట్లలో 22 మీ అమ్మాయి చేతిమీదుగా వచ్చాయమ్మా’’ అన్నాను. ఆమె ఆ అంకెను మరోసారి చదివించుకున్నది. ‘‘అంటే ఇది లేకపోతే ఆ 22 లేవా?’’ అని అడిగింది. ‘‘చాలావరకు లేనట్టే’’ అన్నాను. ఆమె కొంతసేపు బల్లవంక చూసి, కూతుర్ని బళ్ళోనే వదిలి వెళ్ళింది. ఆ పిల్ల పదో తరగతి మా బడిలోనే పూర్తి చేసింది.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లలు ఆడి రాగానే ‘‘నువ్వెన్ని కొట్టావు?’’ అని అడగడం సహజం. దానితో పాటు ‘‘నువ్వు ఎవరికి అందించావు?’’ అని కూడా అడగండి. ఇంట్లో ఏది అడుగుతారో, పిల్లలు మైదానంలో అదే చేస్తారు.

పిల్లలూ, మీకు ఒక పని. ఈ ఆదివారం ఏ ఆట ఆడినా సరే, నోటుపుస్తకంలో ఒక పేజీ తీసి రెండు గళ్ళు గీయండి. ఒకదానిలో గెలిపించినవారి పేర్లు, రెండోదానిలో వారికి బంతి అందించినవారి పేర్లు రాయండి. నాలుగు ఆటలయ్యాక రెండో గడిని కూడి చూడండి. అక్కడ ఎవరి పేరు ఎక్కువసార్లు కనబడుతుందో, ఈసారి జట్లు పంచుకునేటప్పుడు ఆ పేరును అందరికంటే ముందు పిలవండి.