కలుపు

2019వ సంవత్సరమున నేను స్వచ్ఛంద సేవకై ఈక్వెడార్ దేశమందలి నాపో రాష్ట్రమునకు వెళ్లితిని. అచ్చటి అమెజాన్ అడవులలో కిచువా ప్రజలు నివసించుచున్నారు. నన్ను తన యింట చేర్చుకొనిన అవ్వకు "చక్ర" యను తోట యుండెను. అందు కర్రపెండలము, అరటి, కోకో, మందు మొక్కలు కలసిమెలసి పెరుగును.

మా తూర్పు గోదావరి మెట్ట ప్రాంతమున కర్రపెండలమును చిన్ననాటినుండి చూచినవాడను గనుక, ఈ పని నాకు తెలియునని తలంచితిని. అవ్వ లేని వేళ, పెండలపు మొదళ్ల నడుమనున్న చిన్న మొక్కలన్నిటిని కలుపని పెరికివేసి, ఆమె మెప్పుకొరకు ఎదురుచూచుచుంటిని.

ఆమె వచ్చి చూచెను. ఒక్క మాటయు అనలేదు. నేలమీద కూర్చుండి, వేరు బ్రదికియున్న మొక్కలను ఏరి తిరిగి నాటసాగెను. అవి వాయుస మొక్కలు. తెల్లవారక మునుపే వారు పొయ్యిచుట్టు చేరి ఆ ఆకుల కషాయము త్రాగుచు, రాత్రి వచ్చిన కలలను ఒకరికొకరు చెప్పుకొందురు.

మరునాడు చీకటితోనే అవ్వ నన్ను లేపి, అందరికంటె ముందు నాకే ఆ కషాయము నిచ్చెను. సిగ్గుచేత నాకు గొంతు దిగలేదు. అది మొదలు, అడుగక ఆ తోటలో ఒక్క ఆకునైనను ముట్టలేదు.

2023లో ఐక్యరాజ్య సమితివారి ఆహార వ్యవసాయ సంస్థ ఆ చక్ర పద్ధతిని ప్రపంచ వ్యవసాయ వారసత్వముగా గుర్తించెనని చదివినప్పుడు, నేను పెరికిన మొక్కలే కన్నులయెదుట నిలిచెను.

ప్రియ చదువరీ, మేలు చేయగోరి పరుల తోటలోనికి పోవునప్పుడు, ఏది కలుపో ఏది పైరో మొదట వారినే అడిగి తెలిసికొనుము.