ఎడమవైపు ఎండ

నంద్యాల ఎండను గురించి నంద్యాలవారికి చెప్పనక్కరలేదు. పొరుగూరివారికి చెబితే నమ్మరు. తూర్పున నల్లమల కొండలు అంత దగ్గరగా కనబడుతుంటే ఇంత వేడి ఎక్కణ్ణుంచి వస్తుందని మా బంధువులు ప్రతి వేసవిలోనూ అడుగుతారు. మహానంది కోనేట్లో మునిగినంతసేపూ ప్రాణం చల్లగా ఉంటుంది. కారెక్కి ఊళ్ళోకి వచ్చేసరికి తల తడి ఆరడమే కాదు, మాడు కూడా మాడుతుంది.

మా శ్రీమతి పుట్టిల్లు ఆళ్లగడ్డ. అత్తగారు పెద్దదైపోయింది కనుక నెలకు రెండుసార్లయినా వెళ్ళి చూసి వస్తుంటాం. దూరం నలభై కిలోమీటర్ల పైచిలుకు. కర్నూలు నుంచి కడప వైపు పోయే 40వ నంబరు జాతీయ రహదారి. రోడ్డు బాగానే ఉంటుంది. చిక్కల్లా దిక్కులతోనే. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ ఇంచుమించు తిన్నగా దక్షిణానికి ఉంది. పొద్దున్నే బయలుదేరితే సూర్యుడు ఎడమవైపు. సాయంత్రం తిరుగుముఖం పడితే పడమటి సూర్యుడు మళ్ళీ ఎడమవైపే! మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కనుక పోనూ రానూ నేను నీడలో, ఆవిడ ఎండలో.

"ఏమండీ, పెళ్ళయి ఇన్నేళ్ళయింది. మీవైపు ఒక్కనాడైనా ఎండ పడిందా?" అంటుంది మా ఆవిడ. వెనక సీట్లో కూర్చోమంటే కడుపులో తిప్పుతుందంటుంది.

ఇది నవ్వులాటగానే సాగిపోయేది. కానీ రెండేళ్ళ కిందట ఆవిడ ఎడమచేయీ ఎడమచెంపా కంది, దద్దుర్లు లేచాయి. డాక్టరుగారు చూసి, ఎండ పడకుండా చూసుకోమన్నారు. "కార్లో అద్దాలు ఎత్తుకునే వెళతామండీ" అన్నాను. ముందు అద్దం రెండు గాజు పలకల నడుమ ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది కనుక అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతుందనీ, పక్క తలుపుల అద్దం ఒంటి పలక కాబట్టి ఆ కిరణాల్లో ఒక రకం చాలావరకు లోపలికి వచ్చేస్తుందనీ ఆయన వివరించారు. సరే, పక్క అద్దాలకు ఫిల్ము వేయిద్దామనుకున్నాం.

ఇక్కడ నా పాత పాపం ఒకటి చెప్పుకోవాలి. 2012కు ముందు నా పాత కారుకు నల్లటి ఫిల్ము ఉండేది. లోపల కూర్చుంటే పట్టపగలు కూడా మబ్బు పట్టినట్టుండేది. బండికి దర్జా వచ్చిందని మురిసిపోయాను. ఒకనాడు మునిమాపు వేళ మా సందులో కారు వెనక్కు తీస్తున్నాను. పక్క అద్దంలో ఏమీ లేదు. అంటే, ఏమీ కనబడలేదు. ఇంతలో ఎవరో కేక వేశారు. బ్రేకు తొక్కి దిగి చూస్తే, చక్రానికి జానెడు దూరంలో పక్కింటి పాప, చేతిలో పాలచెంబుతో! పాలు ఒలికిపోయాయి, అంతే. పాప ఏడవలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ ఏడాది ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. కార్ల అద్దాలకు ఏ పాటి నలుపు ఫిల్ము కూడా అంటించరాదనీ, ఉన్నవి తీసేయాలనీ ఉత్తర్వు. జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవారికి మినహాయింపు. మా ఆవిడకు అటువంటి భద్రత ఏదీ లేదు కనుక సబ్బునీళ్ళు చల్లి, బ్లేడుతో గీకి నేనే ఊడదీశాను. పోలీసులకు భయపడి చేశానని వీధివారు అనుకున్నారు. అనుకోనిచ్చాను.

కాబట్టి ఈసారి దుకాణం వాడు, "సార్, ఇది వేయించుకోండి, లోపల మీరున్నారో లేరో బయటివాడికి తెలియదు" అని ఒక చుట్ట విప్పగానే నేను లేచి నిలబడ్డాను. "నేను ఉన్నానని తెలిస్తే నాకేమీ నష్టం లేదు నాయనా" అని బయటికి వచ్చేశాను. మరో దుకాణంలో కుర్రవాడు చదువుకున్నవాడు. వాడి దగ్గర వెలుతురు కొలిచే చిన్న మీటరుంది.

చట్టం లెక్క ఇది. 1989 నాటి మోటారు వాహనాల నిబంధనల్లో నూరవది అద్దాల సంగతి చెబుతుంది. ముందు అద్దం, వెనక అద్దం నూటికి 70 పాళ్ళు, పక్క అద్దాలు 50 పాళ్ళు వెలుతురును లోపలికి రానివ్వాలి. 2012 తీర్పు ప్రకారం అద్దం అలా తయారై రావాలే తప్ప పైన ఏదీ అంటించకూడదు. ఆ తరువాత నిబంధన మారింది. 2021 ఏప్రిల్ 1 నుంచి, లోపలి ముఖాన ప్లాస్టిక్ పొర ఉన్న అద్దాన్ని కూడా ఒప్పుకున్నారు, ఆ శాతాలు తగ్గకుండా. దీన్ని ఆధారం చేసుకునే 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, ప్రమాణానికి లోబడిన ఫిల్ముకు జరిమానా వేయరాదని చెప్పింది. అది కేరళ కోర్టు మాట. మన రోడ్డు మీద ఆపిన కానిస్టేబులుకు అది తెలిసి ఉండాలని లేదు. ఏ పేచీ వద్దనుకుంటే ఫ్యాక్టరీ నుంచే లేత రంగుతో వచ్చే అద్దమే మేలు. మాకు ఆ అవకాశం దాటిపోయింది.

ఇక అసలు మెలిక. యాభై శాతం ఫిల్ము వేస్తే యాభై శాతం వెలుతురు వస్తుందని నేను అనుకున్నాను. కుర్రవాడు నవ్వి, మీటరు పెట్టి చూపించాడు. ఏ ఫిల్మూ లేని మా పక్క అద్దమే 76 పాళ్ళు రానిస్తోంది. దానిమీద 50 ఫిల్ము వేస్తే 76లో సగం, అంటే 38! చట్టం తప్పినట్టే. 70 ఫిల్ము వేస్తే 53 వస్తుంది. అంచు మీద నిలబడ్డట్టే గానీ, లోపలే. ముందు అద్దం కూడా 76 చూపించింది. దానిమీద 90 పాళ్ళ ఫిల్ము వేసినా 68కి పడిపోతుంది. అందుచేత ముందు, వెనక అద్దాల జోలికి పోలేదు.

అంత పలచని ఫిల్ము వేడిని ఏం ఆపుతుందని మీకు అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది. ఎండలో వేడి సగం దాకా కంటికి కనబడని పరారుణ కిరణాలదే. వాటిని ఆపడానికి నలుపు అక్కరలేదు. సిరామిక్ రకం ఫిల్ము కంటికి లేతగానే కనబడుతూ ఆ పని చేస్తుంది. లోహపు పూత రకాలు అద్దంలా తళతళలాడతాయి, ఫోను సిగ్నలుకు అడ్డొస్తాయి. వాటిని వద్దన్నాను. లేత బూడిదరంగు ఎంచుకున్నాం. మా తెల్లకారుకు ముచ్చటగానే అమరింది. బిల్లు మీద శాతం రాయించుకుని కారు కాగితాలతో పెట్టుకున్నాను.

మొదటి ప్రయాణంలో శిరివెళ్ల దాటాక టీ కోసం ఆగాం. బెంచీ మీది పెద్దాయన అద్దాన్ని పరకాయించి చూసి, "నల్లద్దాలు కాదులే" అన్నాడు. "నల్లద్దాల బండి వస్తే ఒకప్పుడు మేం రోడ్డు దిగి నిలబడేవాళ్ళం నాయనా. లోపల ఎవరుండారో ఏమో!" సీమ కక్షల మీద సినిమాలు తీసినవాళ్ళకు నల్లద్దాల సుమో బండి ఒక అలంకారం; ఆ పెద్దాయన ముఖంలో అలంకారం ఏమీ లేదు. టీ చల్లారిపోతున్నా ఆయన ఇంకేమీ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆళ్లగడ్డ పొలిమేరలో ఉలి చప్పుళ్ళు మొదలవుతాయి. సగం చెక్కిన నందులూ, ద్వారపాలకులూ, ఏ ఊరి గుడికో వెళ్ళవలసిన దేవతలూ ఎండలోనే నిలబడి ఉంటారు. పాత కారులోంచి ఇవన్నీ నల్లరాతి దిమ్మల్లా కనబడేవి. ఈసారి ఒక నంది మెడలోని మువ్వలు కూడా లెక్కపెట్టవచ్చు. మా ఆవిడ చేయి చాపి అద్దానికి ఆనించింది. "వెచ్చగా ఉంది గానీ చుర్రుమనడం లేదండీ" అంది. అద్దం తాను వేడెక్కుతుంది, తప్పదు.

వీధి మలుపు తిరిగాం. మా పాత కారు రోజుల్లో అత్తగారు గుమ్మంలోకి వచ్చి, తలుపు తెరుచుకునేదాకా కళ్ళకు చేయి అడ్డుపెట్టుకుని చూస్తూ నిలబడేది. ఇప్పుడు ఇంకా బండి ఆపనేలేదు. అరుగు మీదనుంచే కేక వేసింది:

"ఏమే, ఇంత చిక్కిపోయినావు? అల్లుడు అన్నం పెట్టడం లేదా?"