ఇచ్చాపురం దాకా ఎల్తాదా?

కొత్త కారు కనిపిస్తే ఉత్తరాంధ్రలో మొదట అడిగే మాట ఒక్కటే... 'ఎంతిస్తాది బాబూ?' పెట్రోలు బండైతే లీటరుకి ఇంతని చెప్పేస్తే సరిపోయేది. చప్పుడు లేకుండా వచ్చి టీ కొట్టు ముందు ఆగే కరెంటు కారుకి మాత్రం ఇంకో రెండు ప్రశ్నలు తప్పడం లేదు. 'ఇచ్చాపురం దాకా ఎల్తాదా? ఇప్పుడెల్లినా, ఏడెనిమిదేళ్లు పోయాకా ఎల్తాదా?'

అసలైన ప్రశ్న ఆ చివరిదే. దానికి జవాబు షోరూములో దొరకదు. విశాఖపట్నం నుంచి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మీదుగా ఒడిశా సరిహద్దు దాకా సాగే 16వ నంబరు జాతీయ రహదారి మీద దొరుకుతుంది. ఇచ్చాపురం చేరడానికి సుమారు 240 కిలోమీటర్లు. దారిలో సముద్రపు గాలి ఉంది, మండే ఎండ ఉంది, పక్కకు మళ్లితే కొండ ఉంది, ఏడాది మారితే తుపానూ ఉంది. బ్యాటరీకి ఇంతకంటే పెద్ద పరీక్ష ఏముంటుంది?

కాగితం మీద 312

ముందు చిన్న లెక్క. కారు బ్యాటరీని కొలిచే కిలోవాట్ అవర్ అంటే కొత్తదేమీ కాదు... మన ఇంటి కరెంటు బిల్లులో ఉండే 'యూనిట్టే'. 2020 జనవరిలో టాటా మోటార్స్ తెచ్చిన నెక్సాన్ ఈవీ బ్యాటరీ 30.2 యూనిట్లు. పరీక్షలో దానికొచ్చిన రేంజి 312 కిలోమీటర్లు. 2022లో వచ్చిన పెద్ద బ్యాటరీ కారుకి 40.5 యూనిట్లు, 437 కిలోమీటర్లు.

ఈ పరీక్ష రోడ్డు మీద జరగదు. చక్రాలను రోలర్ల మీద తిప్పుతూ, ఆగుతూ సాగుతూ, ఎక్కువసేపు ఊళ్లో తిరిగేంత వేగంతోనే నడుపుతారు. వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటదు. ఏసీ వెయ్యరు. భోగాపురం దాటి హైవే ఎక్కిన కుటుంబం అలా నడపదు కదా! నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీ... అందుకే చిన్న బ్యాటరీ నెక్సాన్ రోడ్డు మీద ఇచ్చేది 200 కిలోమీటర్లు అటూఇటూ. పెద్దది 280 అటూఇటూ. మోసమేమీ లేదు, కొలిచిన తీరు వేరు. కంపెనీలకూ ఈ సంగతి తెలుసు. 2024లో వచ్చిన కర్వ్ ఈవీ పెద్ద బ్యాటరీ కారుకి పరీక్ష అంకె 585 అని చెప్పిన టాటా సంస్థే, రోడ్డు మీద 400 నుంచి 425 వస్తుందని పక్కనే మరో అంకె వేసింది.

గాలితో కుస్తీ

మిగతా కిలోమీటర్లు ఎక్కడికి పోయాయి? పైడిభీమవరం దాటి రణస్థలం వైపు సాగే తిన్నని రోడ్డు మీద తెలుస్తుంది. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డుపడే బలం వేగం వర్గం లెక్కన పెరుగుతుంది. 80లో వెళ్లే బండి 100 అందుకుంటే, గాలిని చీల్చుకోవడానికి కిలోమీటరుకి అయ్యే ఖర్చు సగానికి పైగా పెరుగుతుంది. పెట్రోలు కారులోనూ ఇంతే. కాకపోతే అక్కడ ఇంజను వేడి రూపంలో పోగొట్టేదే ఎక్కువ కాబట్టి ఈ తేడా అంతగా కనిపించదు. పొదుపుగా నడిచే కరెంటు కారులో ప్రతి యూనిట్టూ లెక్కకొస్తుంది.

వానాకాలంలో నైరుతి గాలి తీరం వెంబడి ఈశాన్యానికి వీస్తుంది. మన రోడ్డూ దాదాపు అటే. అంటే ఇచ్చాపురం వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది, తిరిగొచ్చేటప్పుడు ఎదురొస్తుంది. పడవ వాళ్లకు ఎప్పుడో తెలిసిన ఈ సంగతి ఇప్పుడు కారు వాళ్లూ నేర్చుకోవాలి. ఇక ఏసీ గంటకు ఒక యూనిట్ తాగిందనుకున్నా, నాలుగు గంటల ప్రయాణానికి నాలుగు యూనిట్లు. చిన్న బ్యాటరీలో అది పాతిక కిలోమీటర్ల పైమాటే.

కొండెక్కితే ఖర్చు... దిగితే జమ

విజయనగరం కోట చూసి, శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్లాలనుకునే వాళ్లకు ఇంకో లెక్క ఉంది. అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. మనుషులతో కలిపి 1,700 కిలోల బండిని అంత ఎత్తుకు మోయడానికే నాలుగు యూనిట్లకు పైగా కావాలి. చదునైన రోడ్డు మీదయ్యే ఖర్చు దీనికి అదనం. ఘాట్ ఎక్కుతుంటే మీటరులో శాతం చకచకా పడిపోవడం చూసి కొత్తవాళ్లు కంగారుపడేది ఇక్కడే.

అయితే దిగేటప్పుడు కొంత తిరిగొస్తుంది. యాక్సిలరేటరు వదిలితే మోటారే జనరేటరుగా మారి బ్యాటరీని నింపుతుంది. తిరుమల ఘాట్‌లో 2022 సెప్టెంబరు నుంచి ఆర్టీసీ విద్యుత్ బస్సులు చేస్తున్న పని ఇదే. ఒక్క జాగ్రత్త... అరకులో బ్యాటరీని 100 శాతం నింపేసి కొండ దిగితే, వచ్చే కరెంటు పెట్టుకోవడానికి చోటుండదు. నిండిన కుండలో నీళ్లు పోసినట్టే! కొంత ఖాళీ ఉంచుకుని దిగడం మంచిది.

అరసవిల్లి ఎండ

మళ్లీ హైవే ఎక్కి శ్రీకాకుళం చేరితే పక్కనే అరసవిల్లి. ఏటా మార్చి, అక్టోబరుల్లో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే క్షేత్రం. బ్యాటరీ వయసు గురించి మాట్లాడుకోవడానికి ఇంతకంటే తగిన చోటు లేదు. ఎందుకంటే బ్యాటరీని ముసలిదాన్ని చేసేవాటిలో ముందు నిలిచేది వేడే.

లిథియం బ్యాటరీలో ఛార్జి ఎక్కి దిగిన ప్రతిసారీ పిసరంత లిథియం లోపలి పొరలో చిక్కుకుపోతుంది. అది మళ్లీ పనికి రాదు. బండి కదలకుండా నిలబెట్టినా ఈ పని నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. వేడి ఎక్కువైతే జోరందుకుంటుంది. 100 శాతం ఛార్జితో రోజుల తరబడి ఎండలో నిలిపిన బండికి నష్టం ఇంకా ఎక్కువ. అమెరికాలో ఎండలు మండే అరిజోనాలో 2012లో నిస్సాన్ లీఫ్ యజమానులు గగ్గోలు పెట్టింది ఇందుకే. ఆ కారు బ్యాటరీని చల్లబరిచే ద్రవ ఏర్పాటు లేదు. ఆ తర్వాత వచ్చిన కార్లలో చాలావాటికి ఆ ఏర్పాటు వచ్చింది.

మరి ఏటా ఎంత తగ్గుతుంది? వేల వాహనాల వివరాలు సేకరించే కెనడా సంస్థ జియోటాబ్, 2019లో సగటున ఏటా 2.3 శాతమనీ 2024లో 1.8 శాతమనీ లెక్క తేల్చింది. అంటే రెండు శాతం అటూఇటూ. ఎనిమిదేళ్లకు 16 శాతం. మన ఎండలకు ఇంకాస్త కలిపి 20 శాతం పోతుందనుకుంటే లెక్క తప్పదు.

'మా ఇన్వర్టరు బ్యాటరీ నాలుగైదేళ్లకే పోయింది, కారుది ఎనిమిదేళ్లు ఆగుతుందా?' అన్న అనుమానం సహజం. ఇన్వర్టరులో చాలామందికి ఉన్నది సీసపు బ్యాటరీ. 2001లో బెంగళూరులో మొదలైన రేవా కారుదీ అదే. ఇప్పటివి లిథియంవి. సెల్‌ఫోన్‌దీ లిథియమే కదా అంటే, ఫోన్‌కి రోజూ ఛార్జి పెడతాం. ఒక్కసారి నింపితే 200 కిలోమీటర్లు నడిచే కారు 1,60,000 కిలోమీటర్లు తిరగడానికి 800 సార్లు నిండితే చాలు. ఫోన్ ఆ 800 రెండేళ్లు దాటగానే పూర్తి చేస్తుంది. ఇప్పుడు చాలా కార్లలో వాడుతున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం రెండు వేల సార్లయినా తట్టుకుంటుంది.

పలాస నుంచి కేజీహెచ్‌కి

శ్రీకాకుళం దాటి నరసన్నపేట, టెక్కలి మీదుగా పలాస చేరితే ఈ లెక్కలు వినోదం కాదని అర్థమవుతుంది. ఇది ఉద్దానం. కొబ్బరి, జీడితోటల నడుమ కిడ్నీ జబ్బు ఇళ్లిళ్లనూ తాకిన నేల. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చాయి. అయినా పెద్ద కష్టం వస్తే విశాఖ కేజీహెచ్‌కి అద్దె కారు మాట్లాడుకోవడం ఇక్కడి కుటుంబాలకు అలవాటే. దూరం సుమారు 190 కిలోమీటర్లు. మధ్యలో బండి ఆగితే పోయేది సరదా కాదు, మనిషి ప్రాణం.

కాబట్టి లెక్క ఇలా కట్టాలి. రోడ్డు మీద 200 ఇచ్చే కారు ఎనిమిదో ఏట 160 ఇస్తుంది. అందులో 15 శాతం ఎప్పుడూ అట్టే పెట్టుకోవాలి. మిగిలింది 136. శ్రీకాకుళంలో ఒకసారి ఛార్జి చేయకుండా పలాస రోగి విశాఖ చేరలేడు. అదే 280 ఇచ్చే కారైతే ఎనిమిదో ఏట 224, అందులో 15 శాతం తీస్తే సరిగ్గా 190! అంటే బ్రోచరులో 437 ఉన్న కారు, పాతబడ్డాక ధీమాగా తీసుకెళ్లే దూరం 190. పదింట నాలుగు పాళ్ల పైచిలుకు. ఇచ్చాపురం ప్రశ్నకీ జవాబు ఇదే... ఎల్తాది, దారిలో ఒకచోట ఆగితే.

వారంటీ కిలోమీటర్ల గుట్టు

చాలా కార్లకు బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే ఉద్యోగి కుటుంబానికి ఎనిమిదేళ్లూ అందుతాయి. రోజుకు 150 కిలోమీటర్లు తిప్పే ట్యాక్సీ యజమానికి మాత్రం మూడేళ్లలోపే కిలోమీటర్లు అయిపోతాయి. అప్పటికి బ్యాంకు వాయిదాలు ఇంకా మిగిలే ఉంటాయి! అద్దెకు తిప్పాలనుకుంటే పసుపు నంబరు ప్లేటుకి వారంటీ నిబంధనలు ఏమిటో సంతకం పెట్టే ముందే చదువుకోవాలి. సామర్థ్యం ఎంతకు పడిపోతే బ్యాటరీ మారుస్తారో కూడా అడగాలి.

అయితే ఎక్కువ తిరిగిన బండి అంటే చచ్చిన బండి అనుకోనక్కర్లేదు. జర్మనీకి చెందిన హాన్స్‌యోర్గ్ ఫాన్ గెమ్మింగెన్ తన టెస్లా కారును 2019లో పది లక్షల కిలోమీటర్లు దాటించారు. మొదటి బ్యాటరీని మార్చింది 2,90,000 కిలోమీటర్ల దగ్గర. మధ్యలో మోటార్లూ మార్చాల్సి వచ్చింది. బ్యాటరీ చిరంజీవి కాదు, అల్పాయుష్షూ కాదు.

పాత కారు కొనేవాళ్లు తిరిగిన కిలోమీటర్ల కంటే, ఎక్కడ నిలబెట్టారు, ఎలా ఛార్జి చేశారు అన్నది చూడాలి. ఇంట్లో రాత్రిపూట నెమ్మదిగా ఛార్జి ఎక్కిన బండి, రోజూ ఫాస్ట్ ఛార్జరు మీద బతికిన బండి కంటే మెరుగు. సర్వీసు సెంటరులో బ్యాటరీ ఆరోగ్య నివేదిక అడిగి తీసుకోవాలి. ఇంటి మీటరుతోనూ ఒక అంచనాకు రావొచ్చు. 10 శాతం నుంచి 100 దాకా నింపితే 30 యూనిట్ల బ్యాటరీ లోపలికి 27 యూనిట్లు వెళ్లాలి. దారిలో పోయేదానితో కలిపి మీటరు 30 దాకా తిరగాలి. 24, 25 దగ్గరే బ్యాటరీ నిండిపోయిందంటే ఐదో వంతు కరిగిపోయినట్టే. ధర ఆ మేరకు తగ్గించమని అడగొచ్చు.

తుపాను రాత్రి

ఈ రెండు జిల్లాలకు బాగా తెలిసిన ఇంకో భయం ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కరెంటు స్తంభాలు నేలకూలి, ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు కరెంటు కారు ఉంటే ఏం చేయాలి? తుపాను కబురు రెండు మూడు రోజుల ముందే అందుతుంది కాబట్టి, వినగానే 100 శాతం నింపి ఎత్తయిన చోట నిలపాలి. బ్యాటరీ ఆయుష్షు గురించి ఆ ఒక్కరోజు ఆలోచించక్కర్లేదు. కొత్త మోడళ్లు కొన్నింటిలో కారు నుంచే ఫ్యాన్లకూ లైట్లకూ కరెంటు తీసుకోవచ్చు. రోజుకు మూడు యూనిట్లు వాడే ఇంటికి 20 యూనిట్లతో దాదాపు వారం గడుస్తుంది. ఆసుపత్రికి వెళ్లాల్సిన మనిషి ఇంట్లో ఉంటే మాత్రం, ఆ దారికి సరిపడా ఛార్జిని ముట్టుకోకూడదు.

కారు కొనడానికి వెళ్లే ముందు ఒక కాగితం మీద మీ ఇంటి నుంచి మీరు తప్పనిసరిగా చేరాల్సిన అతి దూరపు ఊరు పేరు, పక్కన కిలోమీటర్లు రాసుకోండి. కొందరికది విజయనగరం, కొందరికి విశాఖ. బ్రోచరులోని అంకెను పదితో భాగించి నాలుగుతో హెచ్చవేయండి. ఆ సంఖ్య మీ ఊరి దూరానికి సరిపోతే ఎనిమిదో ఏట కూడా నిశ్చింత. సరిపోకపోతే దారిలో ఛార్జరు ఎక్కడుందో, అది పనిచేస్తోందో లేదో ముందుగా కనుక్కోండి. వంశధార, నాగావళి దాటే ప్రయాణానికి ఆ మాత్రం ముందుచూపు ఉంటే, నడిరోడ్డు మీద మీటరు వంక చూసి దేవుడికి మొక్కుకునే పని తప్పుతుంది.