తొవ్వ ముచ్చట్లు – 9: డ్రైవర్‌ను మాట్లాడించే అక్క

మా కాలేజీ సార్ ఒకాయన కొత్త కారు కొన్నడు. ముందటి అద్దానికి కెమెరా, బంపర్ లోపల రాడార్. తెల్లగీత దాటితే స్టీరింగ్ వణుకుతది. ముందటి బండికి మరీ దగ్గరైతే దానంతటదే బ్రేకు పడుతది. నేను జనగామ నుంచి మానుకోటకు రోజూ పోయొస్త. వారంలో రెండు రోజులు ఆయన కారులోనే. పాలకుర్తి, తొర్రూరు, నెల్లికుదురు మీదుగ తొవ్వ. (పాల్కురికి సోమన పాలకుర్తి, పోతన బమ్మెర రెండూ ఈ దిక్కే. తెలుగు పాఠం చెప్పేటోళ్లకు ఇంతకన్న మంచి తొవ్వ దొరకదు, గుంతలు లేకపోతే.)

యాసంగి కోతలు మొదలైనయంటే ఆ కారుకు ఏం తోచదు. సగం రోడ్డు మీద వడ్లే. గీత కనబడక స్క్రీన్ మీది గుర్తు ఆరిపోతది. సార్ రైతులను తిట్టుడు అందుకుంటడు. చుట్టు రాళ్లు పేర్చి, నల్ల పరదా కప్పిన కుప్ప రాత్రిపూట మనిషి కంటికే ఆనదు, బైకు మీద వచ్చే పిలగాండ్లు దానికి గుద్దుకొని పోతున్నరు. ఆ మాట నిజమే. కానీ వడ్లల్ల తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. తారురోడ్డంత వేడిగ, చదునుగ ఉండే జాగ ఊర్లె ఇంకోటి లేదు. పెద్దరైతుకు పెద్ద వాకిలి ఉంటది, కల్లం ఉంటది. రెండెకరాలు కౌలుకు పట్టిన మా మాదిగోళ్లు యాడ ఎండబోసుకోవాలె? ఉపాధి హామీ కింద కల్లాలు కట్టిస్తే, అది రూల్స్‌లో లేదు, 151 కోట్లు వాపసు కట్టుమని 2022లో కేంద్రం రాష్ట్రాన్ని అడిగింది. ఆ లొల్లి పేపర్లకెక్కింది, వడ్లు మాత్రం రోడ్డు మీదనే ఉన్నయి.

ఇగ ఆటోల సంగతి. మిర్చి ఏరే కాలంలో మానుకోట చుట్టుపక్కల తండాల నుంచి, మా వాడల నుంచి తెల్లారకముందే ఆటోలు బయలెల్తయి. ముగ్గురికి పర్మిట్ ఉన్న దాంట్ల పది పన్నెండు మంది ఆడోళ్లు, వెనక కాళ్లు బయటికి ఏలాడేసుకొని ఇద్దరు. ఆ పొద్దుకు ఆ ఊరికి బస్సు లేదు. 2021 జనవరిలో గూడూరు మండలం మర్రిమిట్ట కాడ లారీ, ఆటో ఢీకొని ఒకే తండాకు చెందిన ఆరుగురు చనిపోయిండ్రు. పెండ్లిబట్టలకని వరంగల్ పోతున్న లంబాడోళ్లు. పెండ్లికూతురు కూడ అందులో ఉన్నది.

యాక్సిడెంట్ అంటే మనం ముందుగాల డ్రైవర్ దిక్కు చూస్తం. తాగిండా, ఫోన్ మాట్లాడిండా. 1929లో అంబేద్కర్ చాలీస్‌గావ్ స్టేషన్‌లో దిగినప్పుడు ఏమైందో ఆయనే రాసిపెట్టిండు. అంటరానోడు ఎక్కిన టాంగాను నడిపేది లేదన్నరు టాంగావాళ్లు. ఆఖరుకు, బండి ఇస్తం, మీరే నడుపుకోండి అన్నరు. ఎన్నడూ టాంగా తోలని మహర్ మనిషి పగ్గాలు పట్టిండు. వాగు మీది కల్వర్టు కాడ బాబాసాహెబ్ ఎగిరి బండల మీద పడి కాలు ఇరిగింది. గుర్రం, బండి కింద నీళ్లల్ల పడ్డయి. అదే ఇయ్యాల జరిగితే ఎఫ్‌ఐఆర్‌లో 'డ్రైవర్ నిర్లక్ష్యం' అని రాస్తరు. టాంగావాళ్ల పేరు యాడ రాయరు.

నెలకోసారి భూపాలపల్లి పోత, మా చిన్నమ్మ ఇంటికి. పరకాల దాటినాక సింగరేణి బొగ్గు టిప్పర్లు, చెల్పూరు కరెంటు ప్లాంటు బూడిద బండ్లు, గోదారి దిక్కు నుంచి ఇసుక లారీలు. వాటి స్టీరింగ్ ఇప్పుడు మావాళ్ల చేతిలో కూడ ఉన్నది. నేను పాఠం చెప్పిన పిలగాండ్లు ఇద్దరు ముగ్గురు అందులోనే తేలిండ్రు. ట్రిప్పుకు ఇంత అని పైసలు. రోజుకు 8 గంటల కన్న ఎక్కువ పని చేయించొద్దని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం 2025 దాక చెప్పేది. లారీకి జీపీఎస్ బిగించిండ్రు, బండి యాడ ఆగిందో ఓనర్ ఇంట్ల కూసోని చూస్తడు. డ్రైవర్‌కు కునుకు పడుతుందా అని చూసే మిషన్లు కూడ వచ్చినయి, గని నేను ఎక్కిన ఏ లారీలో అది లేదు.

మిర్చి ఆటోలకు మాత్రం ఆ ఏర్పాటు ఎప్పటినుంచో ఉన్నది. డ్రైవర్ పక్కన, సగం సీటు మీద, ఒక అక్కను కూసోబెడతరు. అట్ల కూసునుడు చట్టం ఒప్పదు, ప్రమాదం కూడ. ఆమె పని పిలగాన్ని నిద్రపోకుంట మాట్లాడించుడు. "ఏం తమ్మీ, రాత్రి ఎన్నింటికి పన్నవురా? పెండ్లాం పుట్టింటి నుంచి రాలేదా ఇంక?" అని ఏదో ఒకటి అడుగుతనే ఉంటది. మా సార్ కారు పుస్తకంలో దీన్ని డ్రైవర్ ధ్యాస మళ్లించుడు అని రాసుంటరు. పాట పెట్టుకోరాదా అని నేనొకసారి అడిగితే, పాటకు జవాబు చెప్పేదుండదు కద, నిద్రలకు పోతడు అన్నది.

ఈ పనికి ఆమెకు కూలి ఎక్కువేం రాదు. అందరి లెక్కనే పొద్దంత మిర్చి ఏరాలె. పొద్దుగూకి తిరిగొచ్చేటప్పుడు ఆమెకే కునుకు పడుతది. అప్పుడు ఆమెను వెనకకు పంపి ఇంకొకామె ముందటికి వస్తది.